కొండపల్లిలో కుంచె పట్టిన మూడు దినములు

మా యింట సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చుట అత్తగారి కాలమునుండి వచ్చుచున్న ఆచారము. ఆమె పెండ్లినాడు పుట్టినింటివారు సారెతో నిచ్చిన కొండపల్లి బొమ్మ యొకటి ఆ కొలువున నడిమెట్టుమీద నుండెడిది. అది జానెడు పొడవు గల గొల్లపడుచు. కవ్వపుత్రాడు రెండు చేతులతో పట్టి, తల కొంచెము వంచి, చల్ల చిలుకుచుండును. ముఖము గచ్చకాయకంటె పెద్దది కాదు. అయినను ఆ ముఖమున నొక నెమ్మది యుండెడిది. పేరంటమునకు వచ్చినవారు దేవతల బొమ్మలకు నమస్కరించి, ఈ పడుచువద్ద మాత్రము ఒక క్షణము నిలిచి, చిఱునవ్వు నవ్వి పోయెడివారు.

రెండేండ్ల క్రిందట భోగికి ముందుదినమున అటకమీది పెట్టె దించి చూడగా ఆ బొమ్మకు రంగు పెచ్చులు పెచ్చులుగా లేచియుండెను. కుడిచేయి అతుకు వదలియుండెను. అత్తగారికి చూపు మందగించినది గదా, బొమ్మను క్రొత్తదానివలె మెఱపించి ఆమెను సంతోషపెట్టుదమని నాకు తోచినది. కిటికీ చువ్వలకు వేయగా మిగిలిన నూనెరంగు డబ్బాలును, పిల్లల బడిసంచిలోని కుంచెయు తీసికొని, ఆ రాత్రి అందఱు నిద్రించిన పిమ్మట దీపము క్రింద కూర్చుండి, ఒక్క పట్టున బొమ్మ కంతటికిని రంగు పూసితిని.

తెల్లవాఱి చూచుకొనగా నా గుండె జాఱిపోయినది. రంగు దట్టమై ముక్కు మునిగిపోయినది. ఎఱ్ఱచీరయు పచ్చరవికయు ఒకదానిలో నొకటి కలసి బురదరంగయినది. కన్నులకై నేను పెట్టిన రెండు తెల్లని గుండ్రములు, వానినడుమ రెండు నల్లచుక్కలు, పులిని చూచిన మనిషి కన్నులవలె నుండెను. అత్తగారు బొమ్మను కిటికీవద్దకు తీసికొనిపోయి, వెలుతురున నెత్తి పట్టి చూచి, బొటనవ్రేలితో ముఖమును తడవి, "అమ్మాయీ, దీనికేం భయం కలిగిందే?" అని మాత్ర మడిగిరి. మఱి యొక్కమాట యనలేదు. ఆ యేడు కొలువులో గొల్లపడుచు పైమెట్టుమీద, అంబారీ యేనుగు వెనుక, కనబడీ కనబడక నిలిచినది. ఆమె కోపపడియున్నచో నా కింత బాధ కలిగెడిది కాదు.

మావారి బడికి దసరా సెలవు లిచ్చినంతనే, బొమ్మను పాతచీర ముక్కలో చుట్టుకొని, దానిని బాగుచేయించుకొని వచ్చుటకై కొండపల్లికి ప్రయాణమైతిమి. విజయవాడలో మా పిన్నిగారి యింట బస. అక్కడనుండి కొండపల్లి యించుమించు ఇరువది కిలోమీటరులు. కాజీపేట పోవు రైలుదారిలో కొండపల్లి యను స్టేషనే కలదు గాని, మేము బస్సులో పోతిమి. భవానీపురము, గొల్లపూడి దాటువఱకు ఎడమప్రక్కన కృష్ణమ్మ కనబడుచు మాయమగుచు తోడు వచ్చును. ఇబ్రహీంపట్నము చేరుసరికి విద్యుత్కేంద్రపు పొగగొట్టములు ఆకాశము నంటుచు కనబడును. వానిని దాటి కొంత దూరము పోగా, పచ్చని కొండలవరుస అడ్డముగా నిలిచి, దాని శిఖరమున కోటగోడ యొకటి సన్నని గీతవలె తోచును. ఆ కొండల యడుగున నున్న ఊరే కొండపల్లి. మునుపు కృష్ణాజిల్లాలో నుండెడిది. 2022లో జిల్లాలు మార్చినప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో చేరినది.

ఊరిలో బొమ్మలవారు నివసించు వాడను బొమ్మల కాలనీ యందురు. దానికి త్రోవ నొకరి నడుగ నక్కఱలేదు. ఆకురాయి కఱ్ఱమీద రాయు చప్పుడే త్రోవ చూపును. వాకిళ్లలో రంగులేని ఏనుగులు, ఎడ్లబండ్లు, తాటిచెట్టెక్కు గీతకాండ్రు, దశావతారములు వరుసగా ఎండకు ఆరుచుండును. పనివారు తాము ముక్తఋషి సంతతివారమనియు, తమ పెద్దలు సుమారు నాలుగు వందల యేండ్ల క్రిందట రాజస్థానమునుండి వచ్చిరనియు చెప్పుకొందురు. నేడు ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కలదు. అనగా మఱియొకచోట చేసిన బొమ్మను కొండపల్లి బొమ్మ యని యమ్ముట చట్టమునకు విరుద్ధము.

ఆ బొమ్మలకు ప్రాణము తెల్లపొణికి కఱ్ఱ. శాస్త్రజ్ఞులు ఆ చెట్టును జైరోకార్పస్ అమెరికానస్ అందురు. ఆ పేరునకు గిరగిర తిరుగు కాయ గలదని యర్థము. నిజముగనే దాని కాయకు రెండు పొడవైన రెక్కలుండి, కొమ్మనుండి రాలునప్పుడు సుడి తిరుగుచు దిగును. కఱ్ఱ యెంత తేలికయనిన, పిడికెడు ముక్కను అరచేత పెట్టిన ఉన్నదో లేదో తెలియదు. మెత్తనిది గావున ఉలికి సులభముగా లోబడును. దానిని ఎండబెట్టి, తేమ పోవునట్లు సన్నని సెగ చూపి, పిమ్మట చెక్కుదురు. మొండెము వేఱు, చేతులు వేఱు, కవ్వము వేఱు. ఆ ముక్కల నతుకుటకు కొన్న జిగురు పనికిరాదు. చింతగింజల జిగురులో పొణికిపొట్టు కలిపి నూఱిన ముద్దను మక్కు అందురు. దానితో నతికి, అతుకు పైకి కనబడకుండ అదే మక్కుతో మెత్తి, ఆరిన పిదప గరుకుకాగితముతో రుద్ది, తెల్లని పూత పూయుదురు. అంతవఱకు చాలవఱకు పురుషుల పని. అటుమీద కుంచె పట్టునది యెక్కువగా స్త్రీలే.

మేము పోయిన యింట అరువది దాటిన యొక పెద్దామె కిటికీ నెడమప్రక్క నుంచుకొని చాపమీద కూర్చుండి రంగులు వేయుచుండెను. నేను గుడ్డ విప్పి గొల్లపడుచును ఆమె ముందుంచితిని. ఆమె నవ్వలేదు. త్రిప్పి త్రిప్పి చూచి, "దీనికి ఎన్ని పూతలు వేశారమ్మా?" అని యడిగెను.

"ఒక్కటే వేశానండీ" అంటిని, తక్కువ వేసితినని చెప్పిన తప్పు తగ్గునేమోయని.

"అదే తప్పు తల్లీ. నాలుగు పూతల రంగు ఒక్కసారే వేశారు. రంగు మీగడలా ఉండకూడదు, చల్లలా ఉండాలి. పలచగా వేసి, ఆరనిచ్చి, మళ్లీ వేయాలి. కఱ్ఱలో ముక్కూ పెదవీ చెక్కినవాడు చెక్కే ఉంచాడు. మనం వాటిని కప్పకుండా ఉంటే చాలు."

బాగుచేసి యిమ్మని వేడితిని. వెల యెంతయైనను ఇచ్చెదనంటిని. ఆమె తల యూపెను. "నేను చేస్తే ఒక పూట పని. కాని మీ ఇంట్లో ఇంకా బొమ్మలుంటాయి, వాటి రంగూ లేస్తుంది. వచ్చే ఏడు మళ్లీ ఆ డబ్బా తీస్తారు. మూడు రోజులు రాగలరా? మీ చేతే చేయిస్తాను" అనెను. మావారు నా వంక చూచిరి. వచ్చెదనంటిని.

మొదటిదినమున ఆమె గొల్లపడుచును తాకనీయలేదు. తెల్లపూత ముగిసిన చిలుకలు పండ్రెండు, ఒక్కొక్కటి నా చిటికెనవ్రేలంతవి, నా ముందుంచెను. వాని వెల ముందుగనే చెల్లించితిని గావున పాడుచేయుటకు నాకు జంకు లేకుండెను. ప్రతి చిలుక అడుగునను పెన్సిలుతో ఒకటి మొదలు పండ్రెండువఱకు అంకెలు వేయించెను. అదెందులకో ఆ సాయంకాలమునకు గాని తెలియలేదు.

కుంచె పట్టుటయే మొదటి పాఠము. నేను కుంచెను రంగులో మొదలంట ముంచుచుంటిని. సగము వెండ్రుకలకు మించి తడియరాదనియు, ముంచినవెంటనే పళ్లెపు అంచున త్రిప్పుచు తుడిచి మొన తీర్చవలెననియు, పిదప నొక కఱ్ఱముక్కమీద గీత గీచి చూచి అప్పుడు బొమ్మను తాకవలెననియు ఆమె చెప్పెను. బొమ్మను వ్రేళ్లతో పట్టిన రంగు చెదరునని, అడుగున సన్నని పుల్ల గ్రుచ్చి, ఆ పుల్లనే పట్టించెను. రెండు మణికట్లను ఒకదాని కొకటి ఆనించి, కుంచె పట్టిన చేతి చిటికెనవ్రేలిని రెండవచేతిమీద మోపగా, వణకు చాలవఱకు పోయినది. రెండు చేతులును కలసి వణకినను కుంచెకును బొమ్మకును నడుమ దూరము మాఱదు గదా! ఇంత చిన్న సంగతి, ఒకరు చూపువఱకు నాకు తోచలేదు.

పచ్చరంగు చల్లవలె పలుచన చేసి మొదటి చిలుకకు పూయగా, క్రింది తెలుపు చాఱలు చాఱలుగా కనబడినది. నేను కంగారుపడి మఱికొంత రంగు తీసికొనుచుండగా ఆమె నా చేయి పట్టి యాపెను. "కనపడనివ్వండి. రెండో పూతకు కప్పుతుంది. తడిమీద తడి వేస్తే మొదటిది లేచి వస్తుంది. దాన్ని పక్కన పెట్టి రెండో చిలుకను తీసుకోండి."

అట్లు ఒక్క పచ్చరంగే పండ్రెండు చిలుకలకును పూయుసరికి మొదటిది ఆరియుండెను. రెండవ పూత మరల మొదటినుండి ఆరంభించితిని. చాఱలు మాయమైనవి. పిమ్మట ముక్కులకు ఎఱుపు, అవియు పండ్రెండు. తరువాత మెడకు కంటె. కట్టకడపట కన్నుకు నల్లచుక్క. ఒక బొమ్మను మొదలిడి ముగించి మఱియొకదానిని పట్టుటకంటె, ఒక్కొక్క రంగును అన్నింటికి వేయుటలో రెండు లాభములు కలవు. ఆరుటకై ఊరక కూర్చుండ నక్కఱలేదు. అదియుగాక, ఒకే పనిని వెంటవెంటనే పండ్రెండు మాఱులు చేయుటచే చేయి తన తప్పును తానే దిద్దుకొనును. సాయంకాలమున అంకెల వరుసను చిలుకలను నిలువబెట్టి చూడుమనెను. మొదటి చిలుకముక్కు పంటినొప్పి గల బుగ్గవలె వాచియుండెను. అయిదవది ఫరవాలేదు. పదునొకండవదానిని ఆమె తీసి చూచి, మాటాడక, తన బొమ్మల ప్రక్కన నుంచెను. పరీక్షలో కృతార్థుడైన విద్యార్థికి సైత మంత యానందము కలుగునో లేదో!

మొదటిదానిని పాఱవేయబోగా వలదనెను. "అది ఉంటేనే పదకొండోది ఎంత బాగుందో తెలుస్తుంది."

రెండవదినమున గొల్లపడుచు వంతు వచ్చినది. నేను పూసిన దట్టపు రంగును గరుకుకాగితముతో మెల్లమెల్లగా తీయవలసివచ్చెను. చీర కుచ్చిళ్లవద్ద సులభమే. ముఖమువద్ద నా ప్రాణము చేతిలో లేదు. కాగితమును అగ్గిపుల్లకు చుట్టి, ముక్కునకు ఇరుప్రక్కల నువ్వుగింజంత చోటున రుద్దుచుండగా, పాతరంగు క్రిందినుండి పొణికి తెలుపు కొంచెము కొంచెముగా బయలుపడినది. ముక్కు ఉన్నది! పెదవియు ఉన్నది! చెక్కినవాడు చెక్కిన ముఖము నా రంగు క్రింద చెక్కుచెదరక యుండెను. ఇంటి పెద్దాయన వదలిన చేతిని మక్కుతో నతికెను. తెల్లపూత రెండు మాఱులు పలుచగా వేసి, ఆరుటకై వాకిట నుంచి, ఆ వ్యవధిలో కోట చూచివత్తుమని బయలుదేఱితిమి.

కొండమీదికి బండిదారి కలదు. ఎఱ్ఱాప్రగడను ఆదరించిన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దమున ఈ కోటను కట్టించెనని ప్రసిద్ధి. పిమ్మట గజపతుల యధీనమైనది. 16వ శతాబ్దపు తొలినాళ్లలో శ్రీకృష్ణదేవరాయలు దీనిని వారినుండి గైకొనెను. తరువాత గోలకొండ నవాబులకును, 1766లో ఆంగ్లేయులకును చిక్కినది. ఇంతమంది రాజుల పేరులు బాల్యమున తండ్రిగారివద్ద వల్లించినదాననే గాని, ఆ రాతిగోడలమధ్య నిలిచి క్రిందికి చూచినప్పుడు నా కన్నులు వెదకినది రాజుల జాడ కాదు. క్రింద బొమ్మల కాలనీ యెక్కడనో, ఏ వాకిట నా గొల్లపడుచు ముఖములేనిదై ఆరుచున్నదో యని. కోటను పట్టినవారందఱు పోయిరి. కొండ యడుగున చింతగింజలు నూఱువారు నేటికిని నూఱుచున్నారు.

చుట్టునున్న అడవిలోనే పొణికి పెరుగును. నరికినంత వేగముగా నాటుట జరుగనందున కఱ్ఱ దొరకుట నానాటికి కష్టమగుచున్నదని బొమ్మలవారందఱును చెప్పుదురు. బొమ్మ నొకదానిని పాడుచేయుట యనగా చెట్టుకొమ్మ నొకదానిని వ్యర్థము చేయుటయే యని నాకు అప్పుడు తోచినది.

తిరిగివచ్చిన పిదప ఆనాటి రెండవ పాఠము కన్నులు. ఇచ్చట నా పాండిత్యపు సంగతి యొకటి దాచక చెప్పవలెను. విష్ణుధర్మోత్తర పురాణములోని చిత్రసూత్రమును నేను చదివియుంటిని. మార్కండేయుడు వజ్రమహారాజునకు చిత్రకళ నుపదేశించుచు, నృత్యము తెలియనివానికి చిత్రము దుర్లభమని చెప్పుటయు, విల్లువంటి కన్ను, చేపకడుపువంటి కన్ను, కలువరేకువంటి కన్ను, తామరరేకువంటి కన్ను అని కన్నులకు భేదములు చెప్పుటయు నేనెఱిగినవే. ఎఱిగియుండియు నేను పెట్టినవి రెండు గుండ్రని గవ్వలు! పుస్తకము కన్ను పేరు చెప్పును. దానిని పెట్టు చేతిని ఈయజాలదు.

పెద్దామె ఆ పేరు లేవియు చెప్పలేదు. పారవేయు కఱ్ఱముక్క నొకదానిని తెల్లచేసి, "ముందు పై రెప్ప గీయండి. తరువాత ఆ రెప్పనుంచి చూరునీళ్లబొట్టు వేలాడినట్టు నల్లగుడ్డు పెట్టండి. గుడ్డు రెప్పకు అంటుకోవాలి. చుట్టూ తెలుపు కనపడిందా, బెదిరిపోయినట్టుంటుంది" అనెను.

నా బొమ్మకు కలిగిన భయ మేదో నాకు ఆ మాటతో తెలిసినది! వెండ్రుకవాసి తెలుపు పైన కనబడుటయే ఆ భయము. ఆ రెంటిని ప్రక్కప్రక్కన గీచి చూచితిని. గుడ్డు రెప్పనుండి విడివడి నడుమ నిలిచిన, ఉలికిపడిన మనిషి. రెప్పను తాకి కొంచెము క్రిందికి వ్రాలిన, పనిలో నిమగ్నమైన యిల్లాలు. మఱియొక కిటుకు కూడ నేర్పెను. ఏ కన్ను చేతికి కష్టమో దానినే మొదట పెట్టవలెను. సులభమైనదానిని తరువాత దానితో సమానము చేయవచ్చును. సులభమైనది ముందు చక్కగా కుదిరిన, రెండవది దానికి సరిరాక పదేపదే దిద్ది, దిద్ది, ఉన్నదానినికూడ పాడుచేసికొందుము. ఆ సాయంకాలము ఆ కఱ్ఱముక్కకు రెండు ప్రక్కల కన్నులే కన్నులు. తుదకు చోటు లేక, మఱల తెల్లపూత పూసి, మఱల పెట్టితిని.

మూడవదినమున గొల్లపడుచునకు రంగులు వేసితిమి. వరుస యేమియని యడిగితిని. "మీరు పొద్దున ఎలా కట్టుకుంటారో అదే వరుస" అనెను. మొదట ఒంటిచాయ, ఆపై రవిక, ఆపై చీర, పిదప చీరయంచు, ఆపై జడ, తుదకు సొమ్ములు. లోపలిది ముందు, పైది తరువాత. చాయ కొంచెము రవికమీదికి పోయినను, రవికరంగు దానిని కప్పును. రవిక హద్దు దాటినను చీర దానిని దిద్దును. ఒక్కొక్క పూత తన ముందుదాని తప్పును సరిచేయుచు పోవును. నేను రెండేండ్ల క్రిందట సొమ్ములు ముందు పెట్టి, వానిచుట్టు చీర పూయబోయి, రెంటిని చెఱచితిని.

ఆ మూడు దినములును నేను గమనించిన దింకొకటి కలదు. ఆమె యొక వరుస బొమ్మలకు పూత వేసి లేచి పొయ్యిమీద ఎసరు పెట్టును. తిరిగివచ్చి రెండవ పూత వేసి, లేచి బియ్యము వేయును. మనుమరాలికి జడ వేయును, మూడవ రంగు పట్టును. మనము సాధారణముగా కళ యనునది తీరిక గలవారి సొత్తనియు, ఇంటిపని తెమలని మనవంటివారికి అది తగదనియు తలచుచుందుము. ఈ పని యట్టిది కాదు. తీరిక దొరకినదని ఒక్క పట్టున కూర్చుండి చేసినప్పుడే నేను చెఱచితిని. పూతకును పూతకును నడుమ లేచిపోవలసిన పని యుండుటయే దీనికి మేలు. చెదరి చెదరి దొరకు ఆడుదాని కాలము ఈ పనికి సరిగా సరిపోవును.

సాయంకాలమునకు చీర, రవిక, జడ, గాజులు అన్నియు ముగిసినవి. ముఖము మాత్రము తెల్లగనే యున్నది. కుంచెను ఆమె చేతి కందించి, "ఇది మాత్రం మీరు పెట్టండి" అంటిని. ఆమె నా చేతిని మరల నా యొడిలోనే యుంచెను. "ఇక్కడ వద్దు. ఇంటికి తీసుకుపోయి, చేయి కుదిరాక మీరే పెట్టండి. తొందర ఏముంది? సంక్రాంతి ఇంకా మూడు నెలలుంది." 

వచ్చునప్పుడు దుకాణములో మా పేరంటపు పిల్లలకై కొన్ని బొమ్మలు కొంటిమి. ఎప్పుడును సగము వెలకు బేరమాడుట నా యలవాటు. ఆనాడు నోరు రాలేదు. ఒక్కొక్క చిలుకవద్ద ఎన్ని పూతలు, ఎన్ని ఎదురుచూపులు కలవో లెక్క తెలిసినందున చెప్పిన వెల యిచ్చి వచ్చితిని.

ఇంట మూడు నెలలును ముఖములేని బొమ్మ నా వంటింటి గూటిలో నిలిచియుండెను. అత్తగారు దాని నడుగలేదు, నేనును చెప్పలేదు. ఉదయము పప్పు ఉడుకునంతసేపు పది కన్నులు, మధ్యాహ్నము పిల్లలు బడినుండి వచ్చులోపల మఱి పది. మొదటి మాసమున పదింటిలో రెండు కుదిరెడివి. ధనుర్మాసము వచ్చుసరికి పదింటిలో ఏడు. పదింటికి పదియు కుదురునని వేచియున్నచో ఆ బొమ్మకు నేటికిని ముఖ ముండదు. ఒకనాటి ఉదయము, ముగ్గు పెట్టి వచ్చిన చేతితో, వెలుతురు ఎడమనుండి పడునట్లు కూర్చుండి, ఊపిరి విడిచి, కష్టమైన కన్నునే మొదట పెట్టితిని.

ఈ పని నేర్వగోరు సోదరీమణులకు నేను చెప్పగలిగినది కొంచెమే. మొదటి ప్రయత్నమును పెద్దల బొమ్మమీద చేయకుడు. తెల్లపూత పూసిన చిన్నబొమ్మలు పదియో పండ్రెండో ఒకేమాఱు తెచ్చుకొనుడు. రంగును చల్లవలె పలుచన చేసికొనుడు. పూతకును పూతకును నడుమ బొమ్మను మఱచిపోయి ఇంటిపని చూచుకొనుడు. మంచి మొన గల కుంచె యొక్కటి చాలును. దానిని వాడినంతనే కడిగి, మొన తీర్చి, వెండ్రుకలు పైకి నిలువబెట్టుడు. తప్పు జరిగిన, తడిగా నున్నప్పుడు తుడువుడు. ఆరినచో దానిమీదనే తెల్లపూత వేసి మరల ఆరంభింపుడు. తడికిని ఆరినదానికిని నడుమనున్న స్థితిలో మాత్రము ముట్టుకొనకుడు. నా బొమ్మ చెడినది ఆ స్థితిలోనే.

భోగినాడు కొలువు తీర్చునప్పుడు గొల్లపడుచును అత్తగారి చేతి కిచ్చితిని. ఎడమ కనుబొమ రవ్వంత పైకి పోయినది. దానిని దిద్దబోయి, పెద్దామె మాట తలచుకొని, మానుకొంటిని. అత్తగారు మునుపటివలెనే కిటికీవద్దకు పోయి, వెలుతురున పట్టి, బొటనవ్రేలితో ముఖమును తడవిరి. చాలసేపు తడవిరి.

"ముక్కు దొరికిందే అమ్మాయీ" అనిరి. తరువాత తామే వంగి, బొమ్మను నడిమెట్టుమీద నుంచి, "ఆ వాచిన ముక్కు చిలుకేది? దాన్నికూడా దీని పక్కన పెట్టు" అనిరి. ఆ చిలుక సంగతి ఆమెకు మావారు చెప్పియుందురు.

పేరంటమునకు వచ్చిన పిల్లలలో ముగ్గురు ఆ చిలుకనే చేతబట్టి చూచి, ఇంతకంటె తాము బాగుగా వేయగలమని పందెము వేసిరి. వారికొఱకు కొండపల్లికి కబురు పంపితిని. తెల్లపూత పూసిన చిలుకలు మూడు డజనులు రానున్నవి.